దొంగ సొమ్ము అందరికీ కనిపిస్తోంది, కేసే నిలబడట్లేదు: చట్టాలు రాసేవాళ్లకీ కేసులు నడిపేవాళ్లకీ బహిరంగ లేఖ

చట్టాలు రాసే పెద్దలకు, ఆ చట్టాలు పట్టుకుని కోర్టుల్లో కేసులు నడిపే ప్రాసిక్యూటర్లకు,

నమస్కారం. ఈ లేఖ ఏ ఒక్క దేశానికో రాయట్లేదు, ఎందుకంటే నేను మాట్లాడబోయే నేరం ఏ ఒక్క దేశంలోనో ఆగేది కాదు, మీ అందరి కోర్టుల్లోనూ దాదాపు ఒకే తంతు నడుస్తోంది. క్రిప్టో మోసాల్లో నష్టపోయినవాళ్లకి ఫిర్యాదులు, పిటిషన్లు రాసిపెట్టే పని నాది. వచ్చేవాళ్లలో ఎక్కువమంది అప్పటికే ఎక్కడో ఒకచోట ఒక మాట వినేసి ఉంటారు. "అది క్రిప్టో కదండీ, పోయిందంటే పోయినట్టే, ఇక దొరకదు."

ఆ మాట నిజం కాదు. నోట్ల కట్టలు చేతులు మారితే జాడ ఉండదేమో గానీ, బిట్‌కాయిన్ 2009 జనవరి 3న మొదలైనప్పటి నుంచి ఇప్పటిదాకా ప్రతి లావాదేవీ ఎవరైనా చూడగలిగేలా రికార్డయి ఉంది. ఏ అడ్రస్ (ఖాతా నంబరు లాంటిది) నుంచి ఏ అడ్రస్‌కి, ఎంత, ఎప్పుడు, అన్నీ ఉన్నాయి. నా దగ్గరికి వచ్చిన మనిషి ఫోన్ తీసి, ఈ లావాదేవీలన్నీ చూపించే బ్లాక్ ఎక్స్‌ప్లోరర్ అనే సైటు తెరిచి చూపిస్తాడు: ఇదిగో నా వాలెట్, ఇదిగో వాడు లాక్కున్న అడ్రస్, బ్యాలెన్స్ ఇంకా అక్కడే ఉంది చూడండి అని. రోజూ లేవగానే అదే చూసుకుంటుంటాడు. కొన్ని రోజులకి ఆ మొత్తం రెండు ముక్కలవుతుంది, ఆ రెండూ ఎనిమిదవుతాయి, వాటిలో కొన్ని నాణేలు కొనీ అమ్మీ పెట్టే ఏదో పెద్ద ఎక్స్‌ఛేంజ్ అడ్రస్‌లోకి వెళ్లి కలిసిపోతాయి. అదంతా అతను చూస్తూనే ఉంటాడు. అతని ఫిర్యాదు మీద మాత్రం అప్పటికింకా "ఇది ఏ సెక్షన్ కిందికి వస్తుంది" అన్న చర్చే తెమలదు.

నేను చెప్పదలుచుకున్నది ఒక్కటే. నేరం జరగకముందే చట్టం తేల్చి పెట్టుకోవాల్సిన ప్రశ్నల్ని మీరు ఒక్కో కేసులో, ఒక్కో జడ్జి ముందు, బాధితుడి కాలాన్నీ డబ్బునీ ఖర్చుపెట్టి తేల్చుకుంటున్నారు. ఇది ఆస్తా కాదా, ఎవరి పరిధిలోకి వస్తుంది, జప్తు చేస్తే ఏ రోజు విలువ లెక్కగట్టాలి, నాణేల తాళం, అంటే పాస్‌వర్డ్, చెప్పనంటే ఏం చెయ్యాలి. వీటిలో ఏ ఒక్కటీ కొత్తగా పుట్టిన ప్రశ్న కాదు, పదేళ్ల పైనుంచీ కోర్టుల చుట్టూ తిరుగుతున్నవే.

మొదటి ప్రశ్న చూడండి, అసలు ఇదేమిటి? 2014లో న్యూయార్క్ ఫెడరల్ జడ్జి జెడ్ రాకాఫ్, బిట్‌కాయిన్ డబ్బే, లైసెన్స్ లేకుండా దాన్ని మార్పిడి చేసినవాడి మీద కేసు నడవొచ్చు అన్నారు. రెండేళ్ల తర్వాత అదే దేశంలో, మయామీలో ఇంకో జడ్జి, బిట్‌కాయిన్ డబ్బు కాదు కాబట్టి మనీ లాండరింగ్ ఆరోపణ నిలవదని కేసు కొట్టేశారు. ఆ కేసులో మారువేషంలో వెళ్లిన డిటెక్టివ్, ఈ నాణేలతో దొంగిలించిన క్రెడిట్ కార్డు నంబర్లు కొంటానని ముందే చెప్పి మరీ కొన్నాడు, అయినా సరే. అప్పీలు కోర్టు 2019లో ఆ తీర్పుని తిప్పికొట్టి కేసుని మళ్లీ బతికించింది. రెండున్నరేళ్లు పోయాయి. జర్మనీలో 2018లో బెర్లిన్ హైకోర్టు, బిట్‌కాయిన్ ఆర్థిక సాధనమే కాదంటూ అనుమతి లేకుండా ట్రేడింగ్ వేదిక నడిపిన వ్యక్తిని వదిలేసింది. దక్షిణ కొరియాలో ఇంకో వింత జరిగింది. పొరపాటున తన వాలెట్‌లో పడిన దాదాపు 200 బిట్‌కాయిన్లని ఒకాయన సొంతానికి వాడుకుంటే, 2021లో అక్కడి సుప్రీంకోర్టు అది నమ్మకద్రోహం కిందికి రాదంది. పొరపాటున బ్యాంకు ఖాతాలో పడిన డబ్బు వాడుకుంటే అక్కడ నేరమే, క్రిప్టోకి మాత్రం చట్టబద్ధమైన కరెన్సీతో సమానమైన రక్షణ లేదన్నది తీర్పు సారాంశం. నిజానికి ఆ కోర్టుని నేను తప్పుపట్టను. శిక్షాస్మృతిలో లేని నేరాన్ని జడ్జి సృష్టించకూడదు. సృష్టించాల్సింది చట్టసభ, అంటే మీరు.

ఈ చర్చ ఏదో లా కాలేజీలో వాదన పోటీ కోసం అనుకుంటున్నారేమో, మౌంట్ గాక్స్ బాధితుల్ని అడగండి. టోక్యో నుంచి నడిచిన ఆ ఎక్స్‌ఛేంజ్ 2014 ఫిబ్రవరిలో కూలిపోయినప్పుడు దాదాపు 8,50,000 బిట్‌కాయిన్లు మాయమయ్యాయని చెప్పారు, తర్వాత ఓ 2,00,000 దొరికాయి. ఒక ఖాతాదారు నా నాణేలు నాకివ్వండి అని కోర్టుకెళితే, 2015లో టోక్యో జిల్లా కోర్టు, చేతితో పట్టుకోగలిగిన వస్తువు మీదే యాజమాన్యం ఉంటుంది, బిట్‌కాయిన్ అలాంటిది కాదు కాబట్టి "నాది" అనే హక్కే లేదంది. దాంతో అందరూ సంస్థ నుంచి బాకీ రావాల్సినవాళ్ల వరసలో నిలబడాల్సి వచ్చింది, అదీ 2014 నాటి ధరకి, నాణేనికి దాదాపు 483 డాలర్ల లెక్కన. ఆ తర్వాత ధర ఎన్నో రెట్లు పెరిగింది. బాధితులు పోరాడి 2018లో దివాలా ప్రక్రియని పునరావాస ప్రక్రియ కింద మార్పించుకుంటేనే నాణేల రూపంలో తిరిగిరావడానికి దారి తెరుచుకుంది. చెల్లింపులు మొదలైంది 2024 జులైలో, పదేళ్లు దాటాక.

అలాగని అందరూ నిద్రపోతున్నారని అనను. 2019లో లండన్ హైకోర్టు ముందుకి ఒక ర్యాన్సమ్‌వేర్ కేసు, అంటే కంప్యూటర్లకి తాళం వేసి డబ్బు గుంజే కేసు, వచ్చింది. హ్యాకర్లకి 109.25 బిట్‌కాయిన్లు చెల్లించిన బీమా సంస్థ వాటి జాడ తీయిస్తే, 96 నాణేలు ఒక ఎక్స్‌ఛేంజ్‌లో దొరికాయి. నిందితుల పేర్లు ఎవరికీ తెలియవు. అయినా జడ్జి, ఇది ఆస్తే, పేరు తెలియని వ్యక్తుల మీద కూడా, నాణేలు కదలకుండా ఆపే ఉత్తర్వు ఇవ్వొచ్చు అన్నారు. 2020లో న్యూజిలాండ్ హైకోర్టు క్రిప్టోపియా అనే ఎక్స్‌ఛేంజ్ కేసులో అదే దారి పట్టింది, 2025లో మద్రాస్ హైకోర్టు కూడా ఆస్తే అంది. బ్రిటన్ పార్లమెంటు అదే ఏడాది డిజిటల్ ఆస్తులు కూడా వ్యక్తిగత ఆస్తిహక్కు పరిధిలోకి రావొచ్చని విడిగా చట్టమే చేసింది, చాలా చిన్న చట్టం అది. అంత చిన్న వాక్యం మీ చట్టాల్లో పెట్టడానికి ఇంకా ఎన్నేళ్లు కావాలి?

ఇప్పుడు ప్రాసిక్యూటర్లతో కాసేపు. అడ్రస్ నుంచి మనిషి దాకా వెళ్లడమే మీ కేసుల్లో అసలు కష్టమని నాకు తెలుసు. బ్లాక్‌చెయిన్ మీద, అంటే ఆ బహిరంగ రికార్డులో, అడ్రస్ ఉంటుంది, పేరు ఉండదు. సిల్క్ రోడ్ అనే, మత్తుపదార్థాలు అమ్మే రహస్య సైటు నడిపిన రాస్ ఉల్‌బ్రిక్ట్‌ని 2013 అక్టోబర్‌లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఒక పబ్లిక్ లైబ్రరీలో ఎలా పట్టుకున్నారో గుర్తుచేసుకోండి. అతను ల్యాప్‌టాప్ తెరిచి, సైట్ అడ్మిన్‌గా లాగిన్ అయి ఉన్నాడు. వెనక ఇద్దరు ఏజెంట్లు ప్రేమికుల్లా గొడవపడ్డట్టు నటించారు, అతను అటు తిరగ్గానే ఇంకొకరు ల్యాప్‌టాప్ లాగేసుకున్నారు. మూత పడితే ఎన్‌క్రిప్షన్ తాళం పడిపోతుంది, ఆ తర్వాత అందులో ఏముందో ఎవరూ చూడలేరు. ఆ క్షణంలో తెరిచి ఉండబట్టే డైరీలు, చాట్లు, 1,44,000 బిట్‌కాయిన్లు కోర్టు ముందుకొచ్చాయి. బిట్‌ఫినెక్స్ అనే ఎక్స్‌ఛేంజ్ హ్యాక్ కేసులోనూ అంతే. 2016 ఆగస్టులో దొంగిలించిన దాదాపు 1,20,000 బిట్‌కాయిన్లలో 94,000కి పైగా 2022లో పట్టుబడ్డాయంటే, కారణం నిందితుడి క్లౌడ్ ఖాతాలో 2,000కి పైగా అడ్రస్‌లూ వాటి ప్రైవేట్ కీలూ (నాణేల్ని కదిలించే రహస్య తాళాలు) ఉన్న ఫైలుని దర్యాప్తు అధికారులు విప్పగలగడం. అంటే గట్టిగా నిలబడ్డ కేసుల్లో చైన్ విశ్లేషణ దారి చూపించింది, రుజువు చేసింది మాత్రం పరికరం, ఫైలు, లాగిన్.

ఇది ఎందుకు చెబుతున్నానంటే, ఈ మధ్య కొన్ని ఛార్జిషీట్లలో సాఫ్ట్‌వేర్ గీసిన బొమ్మే రుజువు అన్నట్టు పెట్టేస్తున్నారు. రంగురంగుల గీతలు, బాణాలు, చివర్లో నిందితుడి పేరు. ఆ గీతల వెనకాల ఉన్నవి అంచనాలు. ఒకే లావాదేవీలో పలు అడ్రస్‌ల నుంచి నాణేలు కలిసి వెళ్తే వాటన్నిటికీ యజమాని ఒక్కడే అని అనుకోవడం వాటిలో ముఖ్యమైనది. బిట్‌కాయిన్ గురించి 2008లో వచ్చిన మూల పత్రంలోనే ఇలా గుర్తుపట్టే వీలుందని రాసి ఉంది, చాలాసార్లు అది నిజం కూడా. కానీ పదిమంది తమ నాణేల్ని కావాలనే ఒకే లావాదేవీలో కలుపుకునే పద్ధతులు వచ్చాక ఆ అంచనా తప్పే సందర్భాలూ వచ్చాయి. బిట్‌కాయిన్ ఫాగ్ అనే మిక్సర్ (పలువురి నాణేల్ని కలిపి జాడ చెరిపే సర్వీసు) కేసులో డిఫెన్స్ సరిగ్గా ఇక్కడే పట్టుకుంది, ఈ సాఫ్ట్‌వేర్ ఎంత శాతం తప్పుతుంది, బయటివాళ్లు పరీక్షించారా అని అడిగింది. వాషింగ్టన్ కోర్టు ఆ సాక్ష్యాన్ని అనుమతించింది, 2024లో శిక్ష కూడా పడింది, పన్నెండున్నరేళ్లు. శిక్ష పడింది కదా ఇంకేం కావాలి అనుకోకండి. నేను బాధితుల పక్షం మనిషిని, అయినా చెబుతున్నాను, ఆ సాఫ్ట్‌వేర్ లెక్క ఎలా వేసిందో నిందితుడి తరఫు నిపుణుడు తెరిచి చూసుకునే అవకాశం ఇవ్వండి. ఇవ్వకపోతే ఏదో ఒకరోజు పై కోర్టు ఒక్క తీర్పుతో ఆ తరహా సాక్ష్యం మొత్తాన్నీ తోసేస్తే, దాని మీద ఆధారపడ్డ ప్రతి కేసూ, ప్రతి బాధితుడూ నష్టపోతారు. తప్పు మనిషిని జైలుకి పంపే ప్రమాదం సంగతి వేరే చెప్పాలా?

ఇక తాళం సంగతి. జర్మనీలో కెంప్టెన్ అనే ఊళ్లో ఒకతను వేరేవాళ్ల కంప్యూటర్లలో రహస్యంగా మైనింగ్ (కొత్త నాణేలు సంపాదించే) సాఫ్ట్‌వేర్ పెట్టి బిట్‌కాయిన్లు పోగేశాడు. పట్టుబడ్డాడు, శిక్ష పడింది, పూర్తిగా అనుభవించి బయటికొచ్చాడు. పాస్‌వర్డ్ మాత్రం చెప్పలేదు. 1,700కి పైగా బిట్‌కాయిన్లు ప్రాసిక్యూటర్ల చేతిలో ఉన్నట్టే ఉండి వాడుకోవడానికి లేకుండా పోయాయని 2021లో బయటికొచ్చింది. బలవంతంగా చెప్పించొచ్చు కదా అంటారు. బ్రిటన్‌లో కీ చెప్పమని నోటీసు ఇచ్చే అధికారం ఉంది, ధిక్కరిస్తే మామూలు కేసుల్లో రెండేళ్ల దాకా జైలు. కోట్ల విలువైన నాణేల కోసం రెండేళ్లు కూర్చోవడానికి సిద్ధపడేవాడికి అదొక బెదిరింపే కాదు. అమెరికాలో తనకు వ్యతిరేకంగా తానే సాక్ష్యం చెప్పుకోనక్కర్లేదన్న రాజ్యాంగ హక్కు అడ్డొస్తుంది, కోర్టులు తలోమాట చెబుతున్నాయి. ఆ హక్కుని తీసెయ్యమని నేనెప్పటికీ అడగను. కానీ శిక్ష ఖరారయ్యాక, విచారణ ముగిశాక, ఆ సొమ్ము నేరం వల్ల వచ్చిందని కోర్టే తేల్చాక, దాన్ని అప్పగించే బాధ్యతని అతని మీద పెట్టి, విడుదలనీ రాయితీలనీ దానికి ముడిపెట్టడానికి ఏ హక్కు అడ్డొస్తుందో చెప్పండి. ఆ మార్గం కొద్దిచోట్లే ఆలోచిస్తున్నారు.

జప్తు చేసే పద్ధతిలోనూ ఒక మాట. హార్డ్‌వేర్ వాలెట్‌ని, అంటే నాణేల కీలు దాచే చిన్న పరికరాన్ని, కవర్లో పెట్టి సీల్ వేసి, పంచనామా రాసేసి జప్తు అయిపోయింది అనుకుంటే ఎలా? ఇంకొకరి దగ్గర మారుతాళం ఉన్న బీరువాకి సీల్ వేసినట్టే అది. వాలెట్‌ని ఇంకెక్కడైనా మళ్లీ తెరవగలిగే ఆ పన్నెండో ఇరవై నాలుగో సీడ్ పదాలు గుర్తున్న మనిషి ప్రపంచంలో ఎక్కడి నుంచైనా ఆ నాణేల్ని తరలించేస్తాడు, కవర్ సీల్ చెక్కుచెదరకుండా అలాగే ఉంటుంది. నాణేలు ప్రభుత్వ వాలెట్‌లోకి మారితేనే జప్తు. ఆ ప్రభుత్వ వాలెట్ కీ కూడా ఒక్క మనిషి చేతిలో ఉండకూడదు, ఇద్దరు ముగ్గురు కలిస్తే తప్ప కదలని మల్టీసిగ్ ఉండాలి. సిల్క్ రోడ్ దర్యాప్తులోనే పనిచేసిన ఇద్దరు ఫెడరల్ ఏజెంట్లు బిట్‌కాయిన్లు నొక్కేసి 2015లో ఆరేళ్లకి అటూ ఇటూగా జైలుకెళ్లారు. అందులో ఒకడు ఆ తర్వాత ప్రభుత్వం స్వాధీనంలో ఉన్న నాణేలే కాజేశాడని ఇంకో శిక్ష పడింది. దర్యాప్తు చేసేవాళ్ల నిజాయితీ మీద మాత్రమే ఆధారపడే పద్ధతి, పద్ధతే కాదు.

అన్నిటికన్నా నన్ను బాధపెట్టేది విలువ లెక్కగట్టే విషయం. స్వీడన్‌లో ఆన్‌లైన్‌లో మత్తుపదార్థాలు అమ్మిన ఒకడి దగ్గర 36 బిట్‌కాయిన్లు దొరికాయి. 2019లో కేసు నడిపినప్పుడు అప్పటి ధర ప్రకారం నేర సంపాదన దాదాపు 13 లక్షల క్రోనార్లు అని లెక్కగట్టి, అంత సొమ్ము జప్తు చెయ్యమని అడిగారు, కోర్టు సరేనంది. వేలం వేసేసరికి ధర ఎంత పెరిగిందంటే, మూడు నాణేలు అమ్మితే ఆ మొత్తం వచ్చేసింది. మిగిలిన 33 బిట్‌కాయిన్లు ఆ నేరస్తుడికే తిరిగిచ్చారు, అప్పటికి వాటి విలువ 15 లక్షల డాలర్ల దాకా ఉంది. జైల్లో ఉండగానే చట్టం అతన్ని ధనవంతుణ్ణి చేసింది. పిటిషన్‌లో ఇంత సొమ్ము అని కాకుండా, ఈ 36 నాణేలు అని రాసి ఉంటే సరిపోయేది. కేసు నడిపిన ప్రాసిక్యూటరే ఆ తర్వాత ఇదే పాఠం చెప్పారు. ఆ పాఠం ఇప్పటికీ మీ నమూనా పిటిషన్లలోకి ఎక్కలేదు.

దీనికి రెండో వైపు జర్మనీలో చూశాం. 2024లో సాక్సనీ రాష్ట్రం, పైరసీ సైటు కేసులో చేతికొచ్చిన దాదాపు 50,000 బిట్‌కాయిన్లని విచారణ పూర్తికాకముందే జూన్, జులై నెలల్లో అమ్మేసింది, 264 కోట్ల యూరోలు వచ్చాయి. ధర పడిపోయే ప్రమాదం ఉన్న వస్తువుని ముందే అమ్మెయ్యాలన్న నిబంధన అక్కడుంది, అధికారులు దాన్నే పాటించారు. ఆ డిసెంబరులోనే ధర లక్ష డాలర్లు దాటింది. ధర పెరుగుతుందో పడుతుందో ఊహించే పని ప్రాసిక్యూటర్ది కాదని నేనూ ఒప్పుకుంటాను. అందుకే ఆ నిర్ణయం బాధితుడిని అడిగి తీసుకోవాలంటున్నాను. నాణెం రూపంలోనే ఉంచమంటారా, అమ్మి సొమ్ము చెయ్యమంటారా అని రాతపూర్వకంగా అడగడానికి ఎంతసేపు పడుతుంది? బాధితుడే లేని కేసుల్లో ప్రభుత్వం ఇష్టం.

బ్రిటన్‌లో ఇప్పుడు నడుస్తున్న గొడవ ఇంకా పెద్దది. 2014 నుంచి 2017 దాకా చైనాలో 1,28,000 మందికి పైగా జనాన్ని మోసం చేసి, ఆ సొమ్ముని బిట్‌కాయిన్లుగా మార్చుకుని లండన్ చేరిన మహిళ దగ్గర 61,000 బిట్‌కాయిన్లు దొరికాయి. 2025 నవంబర్‌లో ఆమెకి 11 సంవత్సరాల 8 నెలల శిక్ష పడింది. సొమ్ము విలువ ఇప్పుడు వందల కోట్ల పౌండ్లలో ఉంది, పోగొట్టుకున్న అసలు కన్నా చాలా ఎక్కువ. ఆ పెరిగిన భాగం ఎవరిది? బాధితుల డబ్బుతో కొన్న నాణెం మీద వచ్చిన పెరుగుదల బాధితులదే అని నా వాదన. నేరస్తుడికి పోకూడదు సరే, ప్రభుత్వ ఖజానాకి మాత్రం ఏ న్యాయంతో పోతుంది? మోసపోయినవాళ్లలో ఎందరో ముసలివాళ్లు తమ రిటైర్మెంట్ డబ్బు పెట్టుబడి పెట్టింది దేశాల బడ్జెట్లు నింపడానికి కాదు కదా. దీనికి చట్టంలో స్పష్టమైన సమాధానం లేకపోవడం వల్లే ఇన్ని వేలమంది ఇంకో దేశపు కోర్టులో లాయర్లని పెట్టుకోవాల్సి వస్తోంది.

పరిధి సంగతి చూస్తే తల తిరిగిపోతుంది. బీటీసీ-ఈ ఎక్స్‌ఛేంజ్‌లో దొంగ సొమ్ము కడిగిన కేసులో, దాన్ని నడిపిన రష్యన్ అలెగ్జాండర్ విన్నిక్‌ని 2017లో గ్రీస్‌లో పట్టుకుంటే అమెరికా, ఫ్రాన్స్, రష్యా మూడూ మాకంటే మాకని పట్టుబట్టాయి. ముందు ఫ్రాన్స్‌కి పంపారు, అక్కడ ఐదేళ్ల శిక్ష, 2022లో అమెరికాకి, 2024లో నేరం ఒప్పుకోలు, చివరికి 2025 ఫిబ్రవరిలో ఖైదీల మార్పిడిలో రష్యాకి వెళ్లిపోయాడు, అమెరికాలో శిక్ష ఖరారు కాకముందే. టెర్రా అనే క్రిప్టో వ్యవస్థని కుప్పకూల్చి దాదాపు 4,000 కోట్ల డాలర్ల విలువ ఆవిరి చేసిన డో క్వాన్, 2023 మార్చిలో మాంటెనెగ్రోలో దొంగ పాస్‌పోర్ట్‌తో దొరికితే, అమెరికాకా దక్షిణ కొరియాకా అని అక్కడి కోర్టులు 2024 చివరి రోజు దాకా లాగాయి. 2025 డిసెంబర్‌లో పదిహేనేళ్ల శిక్ష పడింది, కనీసం పడింది. మ్యాంగో మార్కెట్స్ అనే, మనుషులు కాక కోడే నడిపే క్రిప్టో ట్రేడింగ్ వేదిక కేసు ఇంకా చిత్రం. 2022లో ధరల్ని పైకి లాగి 11 కోట్ల డాలర్లు తీసుకున్న వ్యక్తిని 2024లో న్యూయార్క్ జ్యూరీ దోషి అంది, 2025 మేలో జడ్జి ఆ తీర్పుని రద్దు చేశారు. కొన్ని ఆరోపణలకి కారణం ఏంటంటే, అతను ప్యూర్టోరికోలో కూర్చుని చేశాడు, న్యూయార్క్‌తో సంబంధం సరిపడా రుజువు కాలేదు. ఇంకో ఆరోపణలో, అసలు అతను చెప్పిన అబద్ధం ఏమిటో చూపించలేకపోయారు, ఎందుకంటే ఆ వేదిక కోడ్ ఎవరినీ ఏమీ హామీ అడగలేదు. ఒకే దేశం లోపలే ఇంత చిక్కుంటే, సర్వర్ ఒక దేశంలో, కంపెనీ ఇంకో దేశంలో, నిందితుడు మూడో దేశంలో, బాధితుడు నాలుగో దేశంలో ఉన్న కేసులో ఆరోపణ ఎక్కడ పెట్టాలో ముందే ఆలోచించుకోవాలా వద్దా?

వేగం గురించి కూడా మీకు తెలిసిందే చెబుతున్నాను. అమెరికాలో ఇంధనం సరఫరా చేసే కొలోనియల్ పైప్‌లైన్ వాళ్లు 2021 మేలో 75 బిట్‌కాయిన్లు హ్యాకర్లకి ఇస్తే, నెల తిరిగేసరికి ఎఫ్‌బీఐ 63.7 నాణేలు వెనక్కి లాగింది. కీ వాళ్ల చేతికి చిక్కింది, కోర్టు వారెంట్ తెచ్చుకున్నారు, పని అయిపోయింది. అమెరికా తూర్పు ప్రాంతం పెట్రోల్ కోసం ఇబ్బందిపడిన కేసు కాబట్టి ఆ వేగం వచ్చింది. మామూలు మనిషి ఫిర్యాదుకి మాత్రం దేశాల మధ్య పరస్పర సహాయ ఒప్పందాల కింద ఉత్తరం వెళ్లి జవాబు రావడానికి నెలలు పడుతుంది, నాణెం అడ్రస్ మారడానికి నిమిషాలు చాలు. ఎక్స్‌ఛేంజ్‌లు పంపేవాడి వివరాలు, అందుకునేవాడి వివరాలు ఒకరికొకరు ఇచ్చుకోవాలని, మనీ లాండరింగ్‌ని అరికట్టే నియమాలు పెట్టే అంతర్జాతీయ సంస్థ ఎఫ్ఏటీఎఫ్ 2019లోనే చెప్పింది. స్టేబుల్‌కాయిన్ (డాలర్ లాంటి కరెన్సీ విలువకి ముడిపెట్టిన క్రిప్టో) జారీచేసే పెద్ద సంస్థలు ఒక అడ్రస్‌ని అక్కడికక్కడే ఫ్రీజ్ చెయ్యగలవు, చేస్తున్నాయి కూడా. అంటే ఆపే మీట ఉంది, దాన్ని అధికారికంగా నొక్కమని అడిగే చెయ్యే లేదు. ఫిర్యాదు అందిన రోజే, పూర్తి విచారణతో పని లేకుండా, పరిమిత కాలానికి, ఉదాహరణకి మూడు రోజులకి, నాణేల్ని నిలిపివేయమని అడిగే అధికారం దర్యాప్తు అధికారికి ఇవ్వండి. ఆ గడువులోపు జడ్జి ఆమోదం రాకపోతే దానంతటదే తొలగిపోవాలి, లేదంటే రేపు ఆ అధికారాన్నే పట్టుకుని అమాయకుల ఖాతాలు బిగించేవాళ్లు తయారవుతారు.

కోడ్ రాసినవాళ్ల విషయంలో నేను మీకు పూర్తిగా వత్తాసు పలకలేను. టొర్నాడో క్యాష్ అనే మిక్సర్ కోడ్ రాసినవాళ్లలో ఒకరికి 2024లో నెదర్లాండ్స్ కోర్టు ఐదేళ్ల నాలుగు నెలల జైలు వేసింది. అదే ఏడాది అమెరికా అప్పీలు కోర్టు, బ్లాక్‌చెయిన్ మీద దానంతటదే నడిచే, ఎవరూ మార్చలేని ఆ కోడ్ (స్మార్ట్ కాంట్రాక్ట్) ఎవరి ఆస్తీ కాదు, దాని మీద ఆంక్షలు చెల్లవంది. 2025 ఆగస్టులో ఇంకొక డెవలపర్ విషయంలో న్యూయార్క్ జ్యూరీ ఒక ఆరోపణకి దోషి అని, మిగతా రెండింటి మీద ఏకాభిప్రాయం లేదని తేల్చింది. ఆ సర్వీసులో ఉత్తర కొరియా హ్యాకర్ల సొమ్ము కడిగారన్నది తీవ్రమైన విషయమే, నేను తక్కువ చెయ్యను. కానీ రాసి వదిలేసినవాడికీ, వచ్చే సొమ్ము దొంగదని తెలిసి ఫీజు తీసుకుంటూ నడిపేవాడికీ తేడా ఎక్కడుందో చట్టం గీత గీసి చెప్పాలి. గీత లేకుండా కేసులు పెడుతూ పోతే నిజాయితీపరులు భయపడతారు, దొంగలు మాత్రం పై కోర్టులో గెలుస్తారు.

చివరగా ఒక్క విషయం, చాలామంది పట్టించుకోనిది. బిట్‌ఫినెక్స్ కేసులో శిక్షలు పడింది ప్రధానంగా మనీ లాండరింగ్ కుట్రకి. హ్యాక్ చేసింది తానేనని నిందితుడు ఒప్పుకున్నా ఆరోపణ మాత్రం దాని మీద లేదు. అప్పట్లో ఆ సంస్థ నష్టాన్ని ఖాతాదారులందరి మీదా దాదాపు 36 శాతం చొప్పున పంచింది, ఆ తర్వాత టోకెన్ల రూపంలో తీర్చామంది. దాంతో చట్టం దృష్టిలో బాధితుడు సంస్థా, ఖాతాదారులా అన్న వాదన ఏళ్ల తర్వాత కోర్టులో మొదలైంది. మీరు ఏ సెక్షన్ కింద ఆరోపణ పెడతారన్న దాని మీదే రేపు ఎవరు బాధితుడిగా లెక్కకొస్తారన్నది ఆధారపడి ఉంటుంది. తేలిగ్గా నిలబడుతుందని లాండరింగ్ సెక్షన్ ఒక్కటే పెట్టి ఊరుకోకండి, దొంగతనమో మోసమో దాని పక్కన చేర్చండి. జప్తు విచారణ తేదీ ఖరారైన రోజే, ఫిర్యాదులో ఉన్న ప్రతి అడ్రస్ యజమానికీ నోటీసు పంపండి, వాళ్లకి అర్థమయ్యే భాషలో, తమ లావాదేవీ ఐడీ జతచేసి హక్కు కోరడానికి కనీసం 90 రోజులు గడువిస్తూ. నోటీసు నమూనా కావాలంటే నేను రాసి ఇస్తాను, రుసుము అక్కర్లేదు.

ఇట్లు,
బాధితుల తరఫున ఫిర్యాదులు రాసే ఒక న్యాయవాది